సరుకు మనది, సంత ఎవరిది?
దళితుల చిన్న వ్యాపారాలు – మార్కెటింగ్ సమస్య

దళితుల ఆర్థికాభివృద్ధి గురించి మన దగ్గర జరిగే చర్చంతా రెండు మాటల చుట్టూ తిరుగుతుంటుంది. ఒకటి భూమి, రెండోది ఉద్యోగం. రెండూ న్యాయమైన డిమాండ్లే. వాటిని వదులుకునే ప్రసక్తే లేదు. అయితే మూడో మాట ఒకటుంది. అది వ్యాపారం. దాని గురించి మాట్లాడినా అప్పు ఎంత, సబ్సిడీ ఎంత, యూనిట్ ఏమిటి అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. యూనిట్ పెట్టిన తర్వాత మన సరుకు ఎవరు కొంటారు? ఎందుకు కొంటారు? ఎంతకు కొంటారు? పైసలు ఎప్పుడిస్తారు? ఈ నాలుగు ప్రశ్నలు అధికారులూ అడగరు, మనమూ అడుక్కోము.

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వెతికే పనినే మార్కెటింగ్ అంటారు. మార్కెటింగంటే టీవీలో వచ్చే ప్రకటన అనీ, పెద్ద కంపెనీల వ్యవహారమనీ మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. ప్రకటన అందులో ఒక చిన్న ముక్క మాత్రమే. కొత్తగా పెట్టుకున్న చిన్న వ్యాపారం నిలబడుతుందా, కూలిపోతుందా అన్నది చాలావరకు ఈ నాలుగు ప్రశ్నల మీదే ఆధారపడుతుంది. ఏ కులస్తుడు పెట్టిన వ్యాపారానికైనా ఇది వర్తిస్తుంది. దళితుడు పెట్టిన వ్యాపారానికి మాత్రం ఇంకొంచెం ఎక్కువ వర్తిస్తుంది. ఎందుకో వివరించడమే ఈ వ్యాసంలో మేము చేయదలచిన పని.

మేర ఇచ్చే ఊళ్ళో గిరాకీ ఎక్కడిది?

'మీవాళ్ళకు వ్యాపారం చేతకాదు' అనే మాట మనం తరచూ వింటుంటాం. బ్యాంకు కౌంటరు దగ్గర వింటాం, యూనివర్సిటీ క్యాంటీన్లో కూడా వింటాం. చేతకాకపోవడం పుట్టుకతో వచ్చిన గుణమా, లేక మనకు ఆ పని నేర్చుకునే అవకాశమే లేకుండా చేశారా? జవాబు కోసం దూరం పోనక్కర్లేదు, మన ఊళ్ళ పాత వ్యవస్థను చూస్తే చాలు.

ఊళ్ళో ఒక్కో మాదిగ కుటుంబానికి కొన్ని రైతుల ఇళ్ళు ముడిపడి ఉండేవి. ఆ ఇళ్ళ మోటలకు తోలు బొక్కెనలు కుట్టాలి, ఎడ్లకు వార్లు చేయాలి, మనుషులకు చెప్పులు కుట్టాలి. చచ్చిన గొడ్డును మోసుకురావడం దగ్గర నుంచి, తంగేడు చెక్క వేసి లందలో తోలు ఊనడం, ఆరె, రంపె పట్టుకుని కుట్టడం దాకా పనంతా మాదిగలదే. దీనికి ప్రతిఫలం పంట కల్లంలో కొలిచిచ్చే గింజలు. దాన్నే మేర అన్నారు.

ఈ ఏర్పాటులో సంత అన్నదానికి చోటే లేదు. చెప్పులు ఎవరికి కుట్టాలో కులం నిర్ణయించింది. ఎంత గింజలు ఇవ్వాలో ఊరి పెద్దలు నిర్ణయించారు. 'ఈసారి తోలు మంచిది, రెండు గింజలు ఎక్కువియ్యి' అని అడిగే హక్కు లేదు. 'నీకు కుట్టను, పక్క ఊరికి అమ్ముకుంటాను' అనే స్వేచ్ఛ అసలే లేదు. కొనేవాణ్ణి వెతుక్కోవడం, ధర చెప్పడం, బేరం తెగకపోతే లేచిపోవడం అనే మూడు పనులే వ్యాపారానికి ప్రాణం. ఆ మూడింటినీ మన నుంచి తరతరాలుగా దూరం పెట్టారు. అదే కాలంలో వ్యాపార కులాల పిల్లలు గల్లాపెట్టె పక్కన కూర్చుని లెక్క, బేరం, ఉద్దెర, వసూలు ఆడుతూ పాడుతూ నేర్చుకున్నారు. ఆ ఇళ్ళల్లో మార్కెటింగ్ అన్న మాట ఎవరూ అనకపోయినా పని మాత్రం నడిచింది.

తర్వాత ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. మోట పోయింది. రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులు వచ్చాయి. మాదిగ కుట్టిన చెప్పు అటకెక్కింది. పనితోపాటు మేర కూడా పోయింది. పని తెలిసినవాడు మిగిలాడు గానీ వాడి దగ్గర కొనేవాడు మిగల్లేదు. ఊరి బయట ఉన్న గిరాకీని వెతుక్కుంటూ పోయే దారి అప్పటికి మనవాళ్ళకు ఎవరూ చూపలేదు.

ఆగ్రా చెబుతున్నదేమిటి?

మన దగ్గర తోలుపని చాలాచోట్ల ఊరితోనే ఆగిపోయింది. ఆగ్రాలో అది పెద్ద పరిశ్రమగా ఎదిగింది. కాబట్టి పని నిలిచి, పెరిగిన చోట ఏం జరిగిందో చూడడానికి ఆగ్రా మనకు అక్కరకొస్తుంది. ఆగ్రాలో బూట్లు చేసేవాళ్ళలో ఎక్కువమంది జాతవులు, అంటే అక్కడి దళితులు. ఓవెన్ లించ్ 1969లో అచ్చయిన తన పుస్తకంలో ఈ జాతవుల జీవితాన్నీ రాజకీయాలనూ వివరించాడు. పీటర్ నోరింగా 1996లో ఆ పరిశ్రమలో తయారీదారులకూ వ్యాపారులకూ మధ్య ఉన్న సంబంధాలనే తన పరిశోధనకు విషయంగా తీసుకున్నాడు.

జాతవులు ఇళ్ళల్లో, చిన్న చిన్న కార్ఖానాల్లో బూట్లు తయారుచేస్తారు. వాటిని బుట్టల్లో పెట్టుకుని హింగ్ కీ మండీ అనే బజారులో టోకు వ్యాపారుల దగ్గరికి తీసుకుపోతారు. ఆ వ్యాపారుల్లో ఎక్కువమంది జాతవులు కారు. 1947కు ముందు ఆ వ్యాపారం ఎక్కువగా ముస్లిం వ్యాపారుల చేతుల్లో ఉండేది. విభజన తర్వాత పంజాబు, సింధు ప్రాంతాల నుంచి వచ్చిన వ్యాపారుల చేతుల్లోకి పోయింది. అంటే సంత ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిందే తప్ప బూటు చేసినవాడి చేతికి రాలేదు. కొందరు జాతవులు ఫ్యాక్టరీల యజమానులయ్యారన్నది నిజమే. అయినా చిన్న కార్ఖానాదారుల పరిస్థితి మాత్రం వేరు.

అక్కడ 'పర్చీ' అనే పద్ధతి ఒకటుంది. వ్యాపారి సరుకు తీసుకుని నగదు ఇవ్వడు. ఫలానా తేదీకి ఇంత ఇస్తానని ఒక చీటీ రాసిస్తాడు. ఆ తేదీ వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత ఉంటుంది. కార్ఖానాదారుకేమో రేపటికి తోలు కొనాలి, పనివాళ్ళకు కూలి ఇవ్వాలి. అందుకని ఆ చీటీని ఇంకొకడి దగ్గర మార్చుకుంటాడు. మార్చినవాడు తన కోత కోసుకునే పైసలిస్తాడు.

దీన్ని ఒక లెక్క వేసి చూద్దాం. పది వేల రూపాయల చీటీ, మూడు నెలల గడువు, నెలకు నూటికి రెండు రూపాయల కోత అనుకుందాం. చేతికొచ్చేది 9,400. ఆ సరుకు మీద అతనికి మిగిలే లాభం వెయ్యి రూపాయలనుకుంటే, అందులో 600 బూటు ముట్టుకోనివాడికి పోయాయి. అతని పనితనంలో లోపం లేదు, యంత్రానికీ కొదవ లేదు. సరుకు కొనే ఆఖరి మనిషి ఎవరో అతనికి తెలియకపోవడమే లోపం. ఆ మనిషి దాకా పోయే దారిలో ఇంకొకడు అడ్డంగా కూర్చున్నాడు. ఉత్పత్తి శక్తి మన చేతుల్లో ఉన్నంత మాత్రాన సరిపోదని ఆగ్రా చెబుతోంది.

కులం కూడా ఒక ధర చీటీయే

సాధారణంగా మార్కెటింగ్ పుస్తకాలు సరుకు నాణ్యత, ధర, చోటు, ప్రచారం అనే నాలుగు విషయాలు చెబుతాయి. అమ్మేవాడి కులం అనే ఐదో విషయం ఆ పుస్తకాల్లో కనిపించదు. మన సంతల్లో మాత్రం కనిపిస్తుంది.

డాక్టర్ అంబేడ్కర్ జీవితంలోనే దీనికి ఉదాహరణ ఉంది. కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదువుకుని 1917లో దేశానికి తిరిగొచ్చి, బరోడా ఉద్యోగంలో అవమానాలు పడి బొంబాయి చేరిన తర్వాత ఆయన షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే ఒక సంస్థ పెట్టారు. సలహా ఇచ్చేది అంటరాని కులస్తుడని తెలిశాక గిరాకీ రావడం మానేసింది. ఆయన జీవిత చరిత్రకారుడు ధనంజయ్ కీర్ ఈ విషయం రాశారు. ఆ రోజుల్లో ఆ సలహా ఇవ్వడానికి అంత చదువున్న మనిషి దొరకడమే అరుదు. సరుకులో వంక లేదు, కులమే వంక అయింది.

అది నూరేళ్ళ కిందటి మాట గదా అంటారేమో. 2006లో ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరాట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బవిస్కర్ కలిసి వెలువరించిన పుస్తకం చూడండి. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల సర్వే అది. దాదాపు 47 శాతం గ్రామాల్లో దళితులు పాల సహకార సంఘాలకు పాలు పోయడానికి ఆటంకాలున్నాయని అందులో తేలింది. దాదాపు 35 శాతం గ్రామాల్లో స్థానిక సంతలో సరుకు అమ్ముకోవడానికి ఆటంకాలున్నాయి. ఇప్పుడు ఆలోచించండి. దళిత మహిళకు పాడి గేదె ఇప్పించడం ప్రభుత్వాలకు ఎంతో ఇష్టమైన పథకం. గేదె వస్తుంది, పాలూ ఇస్తుంది. ఆ పాలు పోయించుకునే మనిషి లేకపోతే ఆ గేదె ఆమెకు ఆస్తా, అప్పా?

2010లో సురీందర్ జోధ్కా పానిపట్, సహరాన్‌పూర్ పట్టణాల్లోని దళిత వ్యాపారుల మీద చేసిన అధ్యయనం కూడా ఇలాంటి విషయాలే చెప్పింది. వాళ్ళలో చాలామంది మొదటి తరం వ్యాపారులు. వెనక బంధుబలగం లేదు, సరుకు ఉద్దెర ఇప్పించే మేనమామ లేడు. దేశం మొత్తం మీద చూస్తే, 2005 ఆర్థిక గణన ప్రకారం దళితుల యాజమాన్యంలో ఉన్న సంస్థలు 9.8 శాతం. జనాభాలో మన వాటా 16 శాతం పైనే.

పథకం ఎక్కడిదాకా వచ్చి ఆగుతోంది?

పథకాలు లేవని మేము అనడం లేదు. రాష్ట్రంలో ఎస్సీ కార్పొరేషన్ ఉంది. కేంద్రంలో 1989లో జాతీయ షెడ్యూల్డ్ కులాల ఆర్థికాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2016 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు స్టాండప్ ఇండియా నడిచింది. ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. తెలంగాణలో 2021లో దళితబంధు వచ్చింది. కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టనవసరం లేదు. అంత మొత్తం ఒక్కసారి దళిత కుటుంబం చేతికి రావడం చిన్న విషయం కాదు.

కానీ దళితబంధులో చాలామంది కార్లు, ట్రాక్టర్లు, సరుకు రవాణా బండ్లు ఎంచుకున్నారు. ఎందుకు? బండి కళ్ళకు కనిపిస్తుంది, నడపడం వచ్చు, పక్కవాడు తీసుకున్నాడు. అయితే ఒక మండలంలో ఒకేసారి యాభై బండ్లు దిగితే, ఎక్కే మనుషులూ మోసే సరుకూ యాభై రెట్లు పెరగవు గదా! ఉన్న కిరాయినే అందరూ పంచుకోవాలి. అప్పుడు రేటు పడిపోతుంది. యూనిట్ ఎంచుకునే ముందు 'ఈ చుట్టుపక్కల దీనికి గిరాకీ ఎంత?' అని వారం రోజులు తిరిగి అడగడం మార్కెటింగులో మొదటి మెట్టు. మన పథకాల దరఖాస్తుల్లో కులం సర్టిఫికెట్టుకు గడి ఉంది, ఆదాయం సర్టిఫికెట్టుకు గడి ఉంది. ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి తగినంత చోటు లేదు.

యూనిట్ దివాలా తీసినప్పుడు నింద ఎవరి మీద పడుతుంది? గిరాకీ చూడకుండా మంజూరు చేసినవాడి మీద పడదు. 'వీళ్ళకు ఇచ్చినా ఇంతే' అని కులం మీదే పడుతుంది. ఒక్కడు ఓడితే వాడలోని పదిమందికి బ్యాంకు తలుపు మూసుకుంటుంది. అందుకే దళితుడి చిన్న దుకాణం నిలబడడం అతని ఒక్కడి పొట్టకు సంబంధించిన విషయం కాదు.

మొదటి రోజు నుంచే చేయాల్సినవి

పైన చెప్పిన నాలుగు ప్రశ్నలను ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

ఎవరు కొంటారు? 'అందరూ కొంటారు' అన్న జవాబు చెల్లదు. స్కూలు బూట్లు కుడతామా, పొలం పనికి గట్టి చెప్పులు కుడతామా, షుగరు జబ్బు ఉన్నవాళ్ళకు మెత్తటి చెప్పులు కుడతామా? మూడింటికీ కొనేవాళ్ళు వేరు, ధర వేరు, అమ్మే చోటు వేరు. మన వాడలోనే దుకాణం పెడితే కులం అడ్డు ఉండదు, కానీ కొనేవాళ్ళ చేతుల్లో పైసలు తక్కువ, ఉద్దెర ఎక్కువ. బస్టాండు దగ్గర పెడితే అద్దె ఎక్కువ, కొనేవాళ్ళు కొత్తవాళ్ళు, కులం అడిగేవాళ్ళు తక్కువ. ఈ లాభనష్టాలు ముందే కూర్చుని బేరీజు వేసుకోవాలి.

ఎందుకు కొంటారు? పక్క దుకాణంలో దొరకనిది మన దగ్గర ఏముందో ఒక్క ముక్కలో చెప్పగలగాలి. చెప్పిన రోజుకు ఇవ్వడం, తెగితే ఉచితంగా కుట్టివ్వడం, కాలి కొలత తీసుకుని కుట్టడం లాంటివన్నీ పైసా ఖర్చు లేని మార్కెటింగే. వ్యాపార కులంవాడికి అతని తాత పేరు పూచీ. మనకు తాత ఆస్తి లేదు, పేరూ లేదు. మాట నిలబెట్టుకోవడం ద్వారానే ఆ పూచీని మనం కొత్తగా సంపాదించుకోవాలి. ఒకసారి కొన్నవాడు రెండోసారి వచ్చాడా, ఇంకొకణ్ణి తెచ్చాడా అన్నది రాసి పెట్టుకుంటే వ్యాపారం ఆరోగ్యం తెలుస్తుంది.

ఎంతకు కొంటారు? ఒక జతకు తోలు 200, సోలు 80, దారం, బంక, మేకులు 20. మొత్తం 300 అనుకుందాం. మనోడు 350కి అమ్మి యాభై లాభం అనుకుంటాడు. రోజుకు రెండు జతలు కుడితే వచ్చేది వంద. దుకాణం అద్దె, కరెంటు, అప్పు మీద వడ్డీ ఇంకా తీయలేదు. తన కూలి లెక్కలోకే రాలేదు. తరతరాలుగా మన శ్రమకు ధర కట్టనివ్వలేదు కాబట్టి, మనమే దుకాణం పెట్టినా మన శ్రమకు ధర కట్టడం మరిచిపోతాం. ధర నిర్ణయించడం లెక్కల వ్యవహారమే గాక ఆత్మగౌరవ వ్యవహారం కూడా.

పైసలు ఎప్పుడిస్తారు? 'నేడు నగదు, రేపు అప్పు' అని బోర్డు పెట్టగల ధైర్యం అందరికీ ఉండదు. ముఖ్యంగా ఊరి మోతుబరి ఉద్దెర అడిగితే కాదనడం దళిత దుకాణదారుకు కష్టం. వసూలుకు పోవడం ఇంకా కష్టం. కాబట్టి ఉద్దెర ఎవరికి, ఎంతవరకు అన్నది మొదటి రోజే ఒక నియమంగా పెట్టుకోవాలి. తెచ్చుకున్న అప్పంతా యంత్రానికీ సరుకుకూ పెట్టకుండా కొంత భాగం అమ్మకపు ఖర్చుకూ, ఉద్దెర వసూలయ్యేదాకా బతకడానికీ పక్కన పెట్టాలి.

పెద్ద సంస్థలకు సరుకు వేసేవాళ్ళకు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల చట్టం అండగా ఉంది. సరుకు తీసుకున్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో పైసలు చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. దీనికి 2020 నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దానికి ఫీజు లేదు. రాతకోతలు లేని నోటిమాట బేరాల్లో ఈ చట్టం ఎందుకూ పనికిరాదు. ప్రతి సరుకుకూ బిల్లు రాయడం అలవాటు చేసుకోవాలి.

పేరు దాచాలా, చెప్పాలా?

దళిత వ్యాపారుల ముందున్న కష్టమైన ప్రశ్న ఇది. ఇంటిపేరు కనిపించకుండా బోర్డు రాయించుకునేవాళ్ళున్నారు. దేవుడి పేరు పెట్టుకునేవాళ్ళున్నారు. పూట గడవాలి గదా, వాళ్ళను తప్పుబట్టడం మా ఉద్దేశం కాదు. కానీ దానికి ఎదురు దారి కూడా ఉంది. 2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దళిత్ ఫుడ్స్' అనే పేరుతోనే పచ్చళ్ళు, మసాలాలు అమ్మడం మొదలుపెట్టారు. దళితుడు ముట్టుకున్న తిండి తినకూడదన్న ఆచారాన్ని సీసా మీద అతికించిన కాగితంతోనే ఎదుర్కొన్నారు. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ 'చమార్ స్టూడియో' పేరుతో సంచులు తయారుచేయించి అమ్ముతున్నారు. తిట్టుగా వాడిన మాటను పనితనానికి గుర్తుగా నిలబెట్టారు. దూరపు కొనుగోలుదారుల దగ్గర ఈ దారి నడుస్తుంది. పక్క వీధి గిరాకీ మీద బతికే టీకొట్టుకు నడుస్తుందా అంటే, అది ఊరిని బట్టి ఉంటుంది.

పేరు విలువ ఎంతో కొల్హాపురి చెప్పుల కథ చెబుతుంది. మహారాష్ట్ర, కర్ణాటకలోని ఎనిమిది జిల్లాల్లో తోలుపని కులాలవాళ్ళు ఈ చెప్పులు కుడతారు. ఆ రెండు రాష్ట్రాల తోలు పరిశ్రమల సంస్థల కృషితో 2019 నాటికి వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌లో మిలాన్ నగరంలో ప్రాడా కంపెనీ తన ప్రదర్శనలో అచ్చం అలాంటి చెప్పులే చూపింది. మొదట కొల్హాపూర్ ఊసే ఎత్తలేదు. మన దేశంలో పెద్ద గొడవ జరిగాక, వాటికి స్ఫూర్తి ఇక్కడి చేతిపనేనని ఒప్పుకుంది. గుర్తింపు కాగితం ఉంది కాబట్టి గట్టిగా అడగగలిగారు. కానీ చెప్పు అదే, కుట్టుపని అదే అయినా, కంపెనీ పేరు తగిలేసరికి ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలంతా మార్కెటింగ్ విలువే. కుట్టినవాడికి అందులో దక్కేదెంత అన్నదే అసలు ప్రశ్న.

మనం అడగాల్సింది

మార్కెటింగ్ నేర్చుకుంటే కులం పోతుందని మేము చెప్పడం లేదు. సంత కులానికి అతీతమైనదన్న భ్రమా మాకు లేదు. ఒంటరి దుకాణదారుడు ఎంత తెలివిగలవాడైనా పర్చీ రాసిచ్చే వ్యాపారితో సమానంగా బేరమాడలేడు. పదిమంది కలిసి తోలు కొంటే చవక, కలిసి అమ్మితే బలం. సంఘాలు పెట్టుకోవడం మనకు కొత్త కాదు. పోరాటాలకు పెట్టుకున్న సంఘాల పక్కనే అమ్మకానికీ పెట్టుకోవాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. 2012 నుంచి అమల్లో ఉన్న కొనుగోళ్ళ విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచే కొనాలి. మొదటి ఐదారేళ్ళలో కొనుగోళ్ళు ఆ దరిదాపుల్లోకి కూడా రాలేదు. 2016లో జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్ పెట్టి, ప్రదర్శనల్లో స్టాళ్ళు పెట్టుకోవడానికి ఖర్చులిచ్చే ఏర్పాటు చేశారు. ఇది సరైన దిశే. కానీ మండల కేంద్రంలో మిషను కుట్టే మన చెల్లెలికి ఈ సంగతి చెప్పేవాళ్ళేరీ? అప్పు మంజూరు చేసే ప్రతి పథకంలో అమ్మకపు ఖర్చుకు కొంత వాటా, ధర కట్టడంలో శిక్షణ, మొదటి ఏడాది గిరాకీ వెతికిపెట్టే బాధ్యత కూడా ఉండాలి.

అన్నిటికంటే దగ్గరి సంత ఒకటుంది. మన పిల్లలు చదివే సాంఘిక సంక్షేమ హాస్టళ్ళకు, గురుకులాలకు ఏటా బూట్లు కావాలి, బట్టలు కావాలి, దుప్పట్లు, పెట్టెలు, పప్పూ ఉప్పూ కావాలి. పేరు మన పిల్లలది, పైసలు మన పేరు మీద కేటాయించినవి. ఆ బూట్లు కుట్టడం తెలిసినవాళ్ళు మన వాడల్లోనే ఉన్నారు. మరి ఆ సరుకు ఎవరి దగ్గర కొంటున్నారు? ప్రతి జిల్లాలో ఈ లెక్క అడిగి రాయించుకోవడంతో పని మొదలుపెడదాం.